రెండవ కుర్చీలో ఎవరున్నారు?

(రాజ్యాంగాలు, అల్పసంఖ్యాకుల హక్కుల గురించి జరిగిన అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



అమెరికా అధ్యక్షులు, ఉపాధ్యక్షులు, రాజకీయ సంక్షోభాలు అనే అంశంపై మాట్లాడమని నన్ను కోరారు. ఇది మనకెందుకు అనే సందేహం మీలో కొందరికి కలిగి ఉంటుంది. నాకూ కలిగింది. అందుచేత అమెరికా కథను ఢిల్లీ నుంచి మొదలు పెడతాను.

1969 జూలై 31న అమెరికా అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ మన దేశానికి వచ్చాడు. ఆ రోజు ఆయనకు ఆతిథ్యమిచ్చిన భారత దేశాధినేత ఎవరు? రాష్ట్రపతి జాకిర్ హుసేన్ గారు అప్పటికి లేరు. హైదరాబాదులో పుట్టిన ఆ మహా విద్యావేత్త అదే సంవత్సరం మే 3న పదవిలో ఉండగానే కన్నుమూశారు. ఉపరాష్ట్రపతి వి.వి. గిరి గారు తాత్కాలికంగా బాధ్యతలు స్వీకరించి, రాష్ట్రపతి ఎన్నికలో పోటీ చేయడానికి జూలై 20న రాజీనామా ఇచ్చారు. మొదటి పీఠమూ ఖాళీ, రెండవ పీఠమూ ఖాళీ. నిక్సన్‌ను ఆహ్వానించినవారు సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి మహమ్మద్ హిదయతుల్లా. 35 రోజుల పాటు ఆయనే తాత్కాలిక రాష్ట్రపతి. రెండు పీఠాలూ ఖాళీ అయితే ఎవరు కూర్చోవాలన్నది మన రాజ్యాంగంలో స్పష్టంగా లేదు. జాకిర్ హుసేన్ గారు మరణించిన తరువాత, ఆ మే నెలలోనే పార్లమెంటు అందుకోసం ఒక చట్టం చేసింది.

ఆనాటి అతిథికి నాలుగేళ్లు తిరిగిన కొద్దికాలానికే తన దేశంలో ఇదే ప్రశ్న ఎదురైంది. అయితే అక్కడ ఆ ప్రశ్న చాలా ప్రమాదకరమైనది. మన దేశంలో రాష్ట్రపతి పీఠం ఖాళీ అయితే ఉపరాష్ట్రపతి తాత్కాలికంగానే కూర్చుంటారు. ఆరు నెలలలోపు ఎన్నిక జరిగి తీరాలి. అసలు పాలన ప్రధానమంత్రి చేతిలో ఉంటుంది. అమెరికాలో అధ్యక్షుడు మరణిస్తే ఉపాధ్యక్షుడు మిగిలిన పదవీకాలం మొత్తానికి అధ్యక్షుడవుతాడు. సైన్యం, చట్టాలపై నిరాకరణాధికారం, న్యాయమూర్తుల నియామకం అన్నీ ఆయన చేతికి వస్తాయి. కాని ఆ మనిషిని ఎంపిక చేసేటప్పుడు చూసేది ఏ ప్రాంతపు ఓట్లు కలిసి వస్తాయన్నది మాత్రమే.

చరిత్ర పుస్తకాలలో తరచూ ఒక వాక్యం కనిపిస్తుంది: అమెరికా ప్రజాస్వామ్యం ఆ సంక్షోభాన్ని తట్టుకుని నిలిచింది. నేను ఆ వాక్యాన్ని చదివిన ప్రతిసారీ ఒక ప్రశ్న వేసుకుంటాను. నిలిచినది ఎవరు? నిలబడడానికి అయిన ఖర్చును ఎవరి లెక్కలో రాశారు? అల్పసంఖ్యాకులుగా బతికేవారు ఏ దేశ చరిత్ర చదివినా ఈ ప్రశ్న వేసుకోక తప్పదని నా అభిప్రాయం.

మొదటి ఉదాహరణ చిన్నది. 1841 ఏప్రిల్ 4న అధ్యక్షుడు విలియం హెన్రీ హారిసన్ ప్రమాణం చేసిన నెల రోజులకే మరణించాడు. ఉపాధ్యక్షుడు అధ్యక్షుడే అవుతాడా, లేక అధ్యక్షుని పనులు మాత్రమే చేస్తాడా? రాజ్యాంగం తేల్చి చెప్పలేదు. జాన్ టైలర్ మాత్రం తానే అధ్యక్షుణ్ణి అన్నాడు. తాత్కాలిక అధ్యక్షుడు అని చిరునామా రాసి పంపిన ఉత్తరాలను విప్పకుండానే తిప్పి పంపాడు. ఒక మనిషి మొండిపట్టు అలా సంప్రదాయమై, 126 ఏళ్ల తరువాత, 1967లో, 25వ సవరణ రూపంలో రాజ్యాంగంలోకి ఎక్కింది.

రెండవది అంతకంటే చేదైనది. 1850 వేసవిలో దక్షిణ, ఉత్తర రాష్ట్రాల నడుమ బానిసత్వంపై రాజీ బిల్లులు చర్చలో ఉన్నాయి. అధ్యక్షుడు జాకరీ టేలర్ స్వయంగా బానిసల యజమాని. అయినా ఆ రాజీకి ఆయన ఒప్పుకోలేదు. జూలై 9న ఆయన మరణించాడు. ఆయన స్థానంలోకి వచ్చిన మిలర్డ్ ఫిల్‌మోర్ సెప్టెంబరు 18న పారిపోయిన బానిసల చట్టంపై సంతకం చేశాడు. ఆ చట్టంలోని ఒక్క అంశం చెబుతాను. పట్టుబడిన మనిషిని యజమానికి అప్పగిస్తూ తీర్పు చెబితే విచారణాధికారికి 10 డాలర్ల రుసుము. స్వేచ్ఛ ఇచ్చి వదిలేస్తే 5 డాలర్లు. పట్టుబడిన మనిషికి తన తరఫున సాక్ష్యం చెప్పుకునే హక్కు లేదు. దేశం ముక్కలు కాకుండా మరో పదేళ్లు నిలిచిందని ఆ రాజీని మెచ్చుకునేవారు నేటికీ ఉన్నారు.

ఇప్పుడు అసలు కథకు వస్తాను.

1864 ఎన్నికలకు ముందు అబ్రహాం లింకన్ పక్షంవారు ఉపాధ్యక్షునిగా ఉన్న హానిబల్ హామ్లిన్‌ను తప్పించి, టెనెసీకి చెందిన ఆండ్రూ జాన్సన్‌ను తీసుకున్నారు. హామ్లిన్ బానిసత్వానికి గట్టి వ్యతిరేకి. జాన్సన్ దక్షిణాదివాడు, ప్రతిపక్ష డెమోక్రాట్, కాని అంతర్యుద్ధంలో దేశ ఐక్యత పక్షాన నిలిచినవాడు. ఓట్ల లెక్క ప్రకారం అది తెలివైన ఎంపిక. 1865 మార్చి 4న ప్రమాణ స్వీకారానికి జాన్సన్ మద్యం మత్తులో వచ్చాడు. జబ్బుగా ఉండి కాస్త విస్కీ తాగాడని సర్దిచెప్పారు. అప్పటికి దానిని నవ్వుకుని వదిలేయవచ్చు, ఉపాధ్యక్షుడే కదా. ఆరు వారాలకు, ఏప్రిల్ 15న, తుపాకి గుండు తగిలిన లింకన్ కన్నుమూశాడు. నలభై లక్షల మంది నల్లజాతి ప్రజలు బానిసత్వం నుంచి బయటపడి తొలి అడుగు వేస్తున్న సమయంలో వారి భవిష్యత్తు జాన్సన్ చేతికి వచ్చింది.

ఆ జనవరిలోనే సేనాని షెర్మన్ ఒక ఉత్తర్వు ఇచ్చాడు. దక్షిణ కరోలినా, జార్జియా, ఫ్లోరిడా తీరంలో సుమారు 4 లక్షల ఎకరాలు విముక్తులైన కుటుంబాలకు, ఒక్కొక్క కుటుంబానికి 40 ఎకరాలు మించకుండా కేటాయించాలని. దాదాపు 40 వేల మంది అక్కడ స్థిరపడి దున్నుకోవడం మొదలుపెట్టారు. తిరుగుబాటు చేసి ఓడిపోయిన యజమానులకు జాన్సన్ క్షమాభిక్ష పెట్టి, ఆ భూములను తిరిగి ఇప్పించాడు. నాట్లు వేసినవారిని సైనికులే వచ్చి ఖాళీ చేయించారు. దక్షిణ రాష్ట్రాలు నల్లవారికి ప్రత్యేక చట్టాలు చేశాయి. మిసిసిపీలో ప్రతి జనవరిలో నల్లజాతి మనిషి తనకు పని ఉన్నట్లు రాతపూర్వక రుజువు చూపాలి. చూపలేకపోతే దేశదిమ్మరి అని జరిమానా. జరిమానా కట్టలేకపోతే కట్టినవాడి దగ్గర చాకిరీ. కాగితం చూపించమని అడిగే ప్రభుత్వం ఎవరిని అడుగుతుంది, ఎవరిని అడగదు అన్నది ఈ సభకు నేను వివరించనవసరం లేదు.

కాంగ్రెస్ 1866లో పౌరహక్కుల చట్టం చేసింది. జాన్సన్ తిరస్కరించాడు. ఏప్రిల్ 9న మూడింట రెండు వంతుల ఆధిక్యంతో ఉభయ సభలూ ఆ తిరస్కరణను తోసిపుచ్చాయి. ఆ దేశ చరిత్రలో ఒక ప్రధాన చట్టం విషయంలో అలా జరగడం అదే మొదటిసారి. తరువాతి అధ్యక్షుడు, తరువాతి సభ దీనిని రద్దు చేయకూడదన్న ఆలోచనతో అదే జూన్‌లో 14వ సవరణను రాష్ట్రాలకు పంపారు. అమెరికా గడ్డపై పుట్టి ఆ దేశ చట్టపరిధిలో ఉన్న ప్రతి వ్యక్తీ పౌరుడే అని, చట్టం దృష్టిలో అందరికీ సమాన రక్షణ ఉంటుందని ఆ సవరణ సారాంశం. దానిని ఆమోదించవద్దని దక్షిణ రాష్ట్రాలకు చెప్పినవాడు సాక్షాత్తు దేశాధ్యక్షుడే.

1868 ఫిబ్రవరి 24న ప్రతినిధుల సభ జాన్సన్‌ను అభిశంసించింది. మే 16న సెనెట్‌లో ఓటింగు. సభ్యులు 54. తొలగించడానికి 36 ఓట్లు కావాలి. 35 వచ్చాయి. ఒక్క ఓటు తేడాతో ఆయన మిగిలాడు. సొంత అంతరాత్మ మాట విని అధ్యక్ష పదవి గౌరవాన్ని కాపాడారని ఆ పక్షం దాటిన ఏడుగురు సెనెటర్లను చాలాకాలం పొగిడారు. కాని ఒక సంగతి చూడండి. ఆ రోజు రెండవ కుర్చీ ఖాళీ. జాన్సన్ అధ్యక్షుడైన నాటి నుంచి ఉపాధ్యక్షుడు లేడు. జాన్సన్ పడిపోతే, అప్పటి చట్టం ప్రకారం సెనెట్ తాత్కాలిక అధ్యక్షుడైన బెంజమిన్ వేడ్ దేశాధ్యక్షుడవుతాడు. వేడ్ నల్లవారికి ఓటుహక్కు కావాలన్నవాడు, స్త్రీలకూ కావాలన్నవాడు. జాన్సన్‌ను సహించలేని సభలో వేడ్‌ను అంతకంటే సహించలేనివారు ఉన్నారు. రాజ్యాంగ సూత్రాలు ఎంత పనిచేశాయో, వేడ్ అంటే ఉన్న భయం ఎంత పనిచేసిందో విడదీసి తూచడం కష్టం. కాని రెండవ కుర్చీలో సౌమ్యుడైన మనిషి ఎవరైనా ఉండి ఉంటే ఆ 36వ ఓటు దొరికేదని నా నమ్మకం.

ఎనిమిదేళ్లకే మరొకటి. 1876 ఎన్నికలో డెమోక్రాట్ శామ్యూల్ టిల్డెన్‌కు 184 ఎలక్టోరల్ ఓట్లు, గెలుపుకు ఒక్కటి తక్కువ. రిపబ్లికన్ రూథర్‌ఫర్డ్ హేస్‌కు 165. మిగిలిన 20 ఓట్లపై వివాదం. ఫ్లోరిడా, లూసియానా, దక్షిణ కరోలినాల నుంచి రెండేసి ఫలితాల పత్రాలు వచ్చాయి. ఏవి అసలువి? రాజ్యాంగం ఏమన్నది? సెనెట్ అధ్యక్షుడు ఉభయ సభల సమక్షంలో పత్రాలు విప్పుతాడని, అనంతరం ఓట్లు లెక్కించబడునని. లెక్కించబడును! ఎవరిచేత? కర్త లేని కర్మణి వాక్యం. మన బడిలో వ్యాకరణం మాస్టారు తప్పు దిద్దేవారు. ఆ కర్త లోపం వల్ల ఒక దేశం మరో అంతర్యుద్ధం అంచు దాకా వెళ్లింది. ఉపాధ్యక్షుడు హెన్రీ విల్సన్ అంతకు ముందు ఏడాదే చనిపోయాడు. రెండవ కుర్చీ మళ్లీ ఖాళీ.

15 మందితో ఒక కమిషన్ వేశారు. ప్రతి ప్రశ్నకూ 8కి 7 ఓట్లతో తీర్పు. 1877 మార్చి 2న 185కు 184 అని హేస్ గెలుపు ప్రకటించారు. దక్షిణాది డెమోక్రాట్లు ఊరికే ఊరుకోలేదు. హేస్ అధికారంలోకి వచ్చిన రెండు నెలల్లోనే దక్షిణ కరోలినా, లూసియానా రాజధానులలో నల్లవారి ఓటుకు అండగా ఉన్న కేంద్ర సైనికులు శిబిరాలకు వెళ్లిపోయారు. సంక్షోభం ముగిసింది. రక్తపాతం లేకుండా ముగిసిందని రాస్తారు. లూసియానాలో 1896లో ఓటర్లుగా నమోదైన నల్లజాతివారు 1,30,334 మంది. 1898లో కొత్త రాష్ట్ర రాజ్యాంగం రాసుకున్నారు. 1904 నాటికి ఆ సంఖ్య 1,342. ఓటును తిరిగి గట్టిగా పట్టుకోవడానికి 1965 ఆగస్టు దాకా, ఓటుహక్కు చట్టం వచ్చేదాకా ఆగవలసి వచ్చింది. హేస్ కథను నేను చదివినప్పుడల్లా ఆ రెండు అంకెలను పక్కన రాసుకుంటాను.

ఢిల్లీకి వచ్చిన అతిథి దగ్గరకు తిరిగి వస్తాను.

1973లో నిక్సన్‌పై వాటర్‌గేట్ ఉచ్చు బిగుస్తున్నది. అదే సమయంలో ఉపాధ్యక్షుడు స్పైరో అగ్న్యూ మేరీలాండ్‌లో కాంట్రాక్టర్ల నుంచి లంచాలు తీసుకున్నాడని, ఉపాధ్యక్షుడయ్యాక కూడా కవర్లు అందుకున్నాడని సాక్ష్యాలు బయటపడ్డాయి. అటార్నీ జనరల్ ఎలియట్ రిచర్డ్‌సన్ ముందు రెండు దారులు. జైలుకు పంపే దాకా ఏళ్ల తరబడి వ్యాజ్యం నడపడం, లేదా వెంటనే కుర్చీ ఖాళీ చేయించడం. ఒకవేళ నిక్సన్ పడిపోతే ఈ లంచగొండి అధ్యక్షుడవుతాడన్న భయంతో ఆయన రెండవది ఎంచుకున్నాడు. అక్టోబరు 10న అగ్న్యూ రాజీనామా చేసి, పన్ను ఎగవేత అభియోగాన్ని కాదని వాదించనని కోర్టుకు చెప్పి, 10,000 డాలర్ల జరిమానాతో బయటపడ్డాడు. పేదవాడు దొంగతనం చేస్తే అంత సులువుగా బయటపడడు. అది వేరే మాట.

1967 సవరణకు ముందు ఉపాధ్యక్ష పీఠం 16 సార్లు ఖాళీ అయింది. ప్రతిసారీ తరువాతి ఎన్నిక వరకు అలాగే ఉండిపోయింది. ఈసారి సవరణ ఉంది. అధ్యక్షుడు ఒకరిని సూచిస్తే ఉభయ సభలూ ఆమోదించాలి. నిక్సన్ జెరాల్డ్ ఫోర్డ్ పేరు పంపాడు. ఆమోదం పూర్తి అయింది డిసెంబరు 6న. ఈ ఎనిమిది వారాలలో వారసత్వ క్రమంలో తరువాతి మనిషి స్పీకర్ కార్ల్ ఆల్బర్ట్, ప్రతిపక్ష డెమోక్రాట్. సరిగ్గా ఆ మధ్యలో, అక్టోబరు 20 రాత్రి, ప్రత్యేక ప్రాసిక్యూటర్ ఆర్చిబాల్డ్ కాక్స్‌ను తొలగించమని నిక్సన్ ఆదేశించాడు. రిచర్డ్‌సన్ తొలగించనని తానే రాజీనామా చేశాడు. ఆయన కింది అధికారి రకల్‌షాస్ కూడా ఒప్పుకోలేదు. మూడవవాడు ఆ పని చేశాడు. ఆ వారమే నిక్సన్‌ను తొలగించి ఉంటే ఓడిన పక్షం దొడ్డిదారిన అధికారం లాక్కున్నదన్న మాట మిగిలిపోయేది. 1868 నాటి వేడ్ చిక్కే ఇది. ఫోర్డ్ రెండవ కుర్చీలో కూర్చున్న తరువాతనే నిక్సన్ సొంత పక్షంవారికి ఆయనను వదులుకునే ధైర్యం వచ్చింది.

1974 జూలై 25న ప్రతినిధుల సభ న్యాయ సంఘంలో టెక్సాస్ సభ్యురాలు బార్బరా జోర్డన్ మాట్లాడారు. దక్షిణాది నుంచి కాంగ్రెస్‌కు ఎన్నికైన తొలి నల్లజాతి మహిళ ఆమె. 1787లో రాజ్యాంగం రాసి ముగించిన రోజున అందులోని ‘ప్రజలు’ అన్న మాటలో తాను లేనని, సవరణల ద్వారా, కోర్టు తీర్పుల ద్వారా ఆ మాటలోకి వచ్చానని గుర్తుచేసి, ఇప్పుడు ఆ రాజ్యాంగం పలచబడుతుంటే చూస్తూ కూర్చోలేనని చెప్పారు. ఆమె ఎవరినీ దయ చూపమని అడగలేదు. రాజ్యాంగం తనది అన్నట్లు, దానికి కాపలాదారు తానే అన్నట్లు మాట్లాడారు. ఈ తరగతికి వచ్చిన విద్యార్థులు, ముఖ్యంగా న్యాయశాస్త్రం చదువుతున్న మన ఆడపిల్లలు, ఆ ప్రసంగాన్ని సంపాదించి చదవాలి.

అయితే ఆ సంఘంలోనే మరొకటి జరిగింది. మిషిగన్‌కు చెందిన నల్లజాతి సభ్యుడు జాన్ కానియర్స్ ఒక అదనపు అభియోగం ప్రతిపాదించాడు. కాంగ్రెస్‌కు చెప్పకుండా, అబద్ధపు నివేదికల మాటున కంబోడియాపై బాంబులు వేయించిన అభియోగం. జూలై 30న 26కు 12 ఓట్లతో సంఘం దానిని తోసిపుచ్చింది. ప్రతిపక్షం కార్యాలయంలో దొంగచాటుగా చొరబడడాన్ని కప్పిపుచ్చడం అభిశంసనకు తగిన నేరమైంది. పరాయి దేశపు పల్లెలపై రహస్యంగా బాంబులు వేయడం కాలేదు. ఆగస్టు 9న నిక్సన్ వెళ్లిపోయాడు. నెల తిరిగేసరికి, సెప్టెంబరు 8న, ఫోర్డ్ ఆయనకు పూర్తి క్షమాభిక్ష పెట్టాడు. కంబోడియా గురించి ఏ కోర్టూ ఆయనను అడగలేదు.

2001 సెప్టెంబరు తరువాత ఆ దేశంలో మనవారికి ఏమి జరిగిందో మీకు తెలుసు. దానికి మరొక రోజు కావాలి. కాని అదే ఏడాది జనవరిలో జరిగిన ఒక సంఘటనను మనలో చాలామంది గమనించలేదు. 2000 ఎన్నికలో ఫ్లోరిడాలో జార్జ్ బుష్ ఆధిక్యం 537 ఓట్లు. సుప్రీంకోర్టు 5-4 తీర్పుతో తిరిగి లెక్కించడం ఆగిపోయింది. 2001 జనవరి 6న ఉభయ సభల సమావేశంలో ఓట్ల లెక్కింపు. అధ్యక్షస్థానంలో ఉపాధ్యక్షుడు ఆల్ గోర్. ఓడిన అభ్యర్థి కూడా ఆయనే. నల్లజాతి సభ్యులు ఒకరి తరువాత ఒకరు లేచి ఫ్లోరిడా ఓట్లపై అభ్యంతరం చెప్పారు. 1887 నాటి చట్టం ప్రకారం ప్రతి అభ్యంతరంపై ఒక సెనెటర్ సంతకం కూడా ఉండాలి. వంద మంది సెనెటర్లలో ఒక్కరూ సంతకం పెట్టలేదు. గోర్ సుత్తి కొట్టి ఒక్కొక్కరినీ కూర్చోబెట్టాడు. చట్టం ప్రకారం ఆయన చేసినది సరే. ఆయన హుందాతనాన్ని పత్రికలు మెచ్చుకున్నాయి. ఆ జూన్‌లో పౌరహక్కుల కమిషన్ నివేదిక వచ్చింది. ఫ్లోరిడాలో నల్లజాతి ఓటరు ఓటు చెల్లకుండా పోయే అవకాశం ఇతరులతో పోలిస్తే దాదాపు 10 రెట్లు ఎక్కువ అని తేల్చింది.

ఇరవై ఏళ్ల తరువాత 2021 జనవరి 6. ఓడిన అధ్యక్షుడు డోనాల్డ్ ట్రంప్ తన ఉపాధ్యక్షుడు మైక్ పెన్స్‌పై ఒత్తిడి తెచ్చాడు. మీరే ఓట్లను కాదనండి, రాష్ట్రాలకు తిప్పి పంపండి అని. మళ్లీ ఆ కర్త లేని వాక్యమే. పెన్స్ తనకు ఆ అధికారం లేదన్నాడు. ఆయనను ఉరితీయాలని కేకలు వేస్తూ గుంపు భవనంలోకి చొరబడింది. కొన్ని గంటలు దాక్కుని, తిరిగి వచ్చి, తెల్లవారుజామున 306కు 232 అని జో బైడెన్ గెలుపును ప్రకటించాడు. పెన్స్ రాజకీయాలు నాకు ఎంత మాత్రమూ నచ్చవు. ముస్లిం దేశాల ప్రయాణికులను అడ్డుకున్న 2017 ఉత్తర్వుకు ఆయన తోడు నిలిచినవాడు. అయినా ఆ రాత్రి చేసినది చేశాడు, అది ఒప్పుకోవాలి. చెల్లవని ట్రంప్ పక్షం గోల చేసిన ఓట్లు ఎక్కడివో కూడా చూడాలి. డెట్రాయిట్, ఫిలడెల్ఫియా, మిల్వాకీ, అట్లాంటా. నల్లజాతివారు పెద్ద సంఖ్యలో ఉన్న నగరాలు. ఈసారి ఆ ఓట్లు లెక్కలో నిలిచాయి.

2022 డిసెంబరులో చట్టం మార్చారు. ఉపాధ్యక్షుని పాత్ర లాంఛనం మాత్రమే అని స్పష్టంగా రాశారు. 135 ఏళ్ల తరువాత వాక్యానికి కర్త దొరికాడనుకోండి. 2025 జనవరి 6న కమలా హారిస్ ఆ వేదికపై నిలబడి తన ఓటమి లెక్కను తానే చదివింది.

రెండు వారాలకు జె.డి. వాన్స్ ఉపాధ్యక్షుడయ్యాడు. ఆయన భార్య ఉష తల్లిదండ్రులు తెలుగువారు కావడంతో పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరులో సంబరాలు జరిగాయి, మన పత్రికలు ఫోటోలు వేశాయి. తప్పేమీ లేదు. కాని ఆయన ప్రమాణం చేసిన జనవరి 20నే ట్రంప్ మరొక ఉత్తర్వుపై సంతకం చేశాడు. తల్లి తాత్కాలిక వీసాపై ఉండి, తండ్రి పౌరుడో శాశ్వత నివాసో కాకపోతే, అమెరికాలో పుట్టిన బిడ్డకు పౌరసత్వం లేదని ఆ ఉత్తర్వు. ఉద్యోగ వీసాలపై వెళ్లిన తెలుగు కుటుంబాలు, హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు, ఆసుపత్రి తేదీలు లెక్కపెట్టుకుంటూ భయపడ్డారు. కోర్టులు ఆ ఉత్తర్వును అమలు కాకుండా ఆపాయి. వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. న్యాయవాదులు కోర్టులో చూపినది నేను ఇంతకుముందు చెప్పిన 14వ సవరణనే.

జాన్సన్ వద్దన్న సవరణ అది. దానిని వద్దనమని ఆయన చెప్పిన దక్షిణ రాష్ట్రాలలో మొట్టమొదట ఆమోదించినది ఆయన సొంత రాష్ట్రం టెనెసీ, 1866 జూలైలో.

మీ ప్రశ్నలు వినాలని ఉంది. సెలవు.